మిలిటరీ బండి మీద మోజుందా? బాడీ కాదు, ఇంజిన్ చూసి ఎంచుకోండి

పాత జీపులు అమ్మేవాళ్లు మొదట చెప్పే మాట ఒకటుంది: "మిలిటరీ బండి సార్, ఇంజిన్‌కి చావు లేదు." ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాకపోతే ఆ ఇంజిన్ చావకుండా చూసుకునే యంత్రాంగం సైన్యం దగ్గరుంది. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) అని దానికో ప్రత్యేక విభాగమే ఉంది. ఆ విభాగం కాలేజీ మన సికింద్రాబాద్‌లోనే, తిరుమలగిరిలో ఉంది. వాళ్లు లెక్క ప్రకారం ఆయిల్ మారుస్తారు, పార్టు అరిగితే డిపో నుంచి తెప్పిస్తారు, పెట్రోలు బిల్లు ఏ డ్రైవరు జేబులోంచీ పోదు. అదే బండి వేలంలో మీ చేతికొచ్చాక ఆ మూడూ మీ నెత్తినే పడతాయి.

అందుకని సైన్యం వాడిందన్న ఒక్క కారణంతో బండి కొనకండి. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ ఇంజిన్ మా ఊరి చుట్టుపక్కల ఇంకే బండ్లలో తిరుగుతోంది? ఇంజిన్లకూ చుట్టరికాలుంటాయి. మీ జీపు ఇంజిన్‌కి దగ్గరి చుట్టం మీ మండలంలో రోజూ కూరగాయలు మోస్తుంటే మీకు పార్టులూ దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్కూ దొరుకుతాడు. చుట్టం ఎవరూ లేని ఇంజిన్ ఎంత గొప్పదైనా చివరికి షెడ్డులో గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది.

సామాన్యుడు కొనగలిగిన ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల గురించే ఇక్కడ మాట్లాడుతున్నాను. సైన్యంలో పనిచేసినవి కొన్ని, సైన్యపు జీపు వంశంలో పుట్టి మన రోడ్ల మీద పెరిగినవి కొన్ని. నా మొగ్గు ముందే చెప్పేస్తాను. పొలానికీ, ఏజెన్సీ రోడ్లకూ అయితే మహీంద్రా 2523 సీసీ డీజిల్. ఆదివారాల సరదాకి అయితే 2000 తర్వాతి మారుతీ జిప్సీ. ఇంట్లో అదొక్కటే కారైతే పాతదేదీ వద్దు, కొత్త థార్ గానీ జిమ్నీ గానీ చూడండి. జోంగా అనే పాత ఆర్మీ జీపు సంగతి కింద చెబుతాను, అది వేరే లోకం.

హార్స్‌పవర్ అంకె ఎంతవరకు నమ్మాలి

టీ-90 ట్యాంకు ఇంజిన్ 1000 హార్స్‌పవర్. బరువు 46 టన్నుల పైమాట. అంటే టన్నుకి 21 హార్స్‌పవర్ చిల్లర. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారయ్యే శరత్ అనే సైనిక వాహనం 14 టన్నులుంటుంది, దాని ఇంజిన్ 300 హార్స్‌పవర్. అక్కడా టన్నుకి అంతే పడుతుంది. మరి టన్ను బరువున్న జిప్సీకి 80 హార్స్‌పవర్ ఉంది. ఈ లెక్కన జిప్సీ ట్యాంకు కంటే నాలుగు రెట్లు బలమైనదా?

వేగం పెంచుకోవడంలో అవును, లాగుడులో కాదు. రాయి మీదికి ఎక్కించేటప్పుడు, బురదలోంచి బయటికి లాగేటప్పుడు పనికొచ్చేది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. అది ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర అందుతుందన్నదే అసలు సంగతి. జిప్సీ 103 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, అదీ 4500 ఆర్‌పీఎం దగ్గర. పాత థార్‌లో డీఐ అనే డీజిల్ రకం హార్స్‌పవర్ 63 మాత్రమే, కానీ దాని టార్క్ 180 దాకా ఉంటుంది, పైగా 1500 ఆర్‌పీఎం దాటగానే అందుతుంది. వరి బస్తాలేసుకుని గట్టు ఎక్కేటప్పుడు జిప్సీని అరిపించాలి. డీఐ గొణుక్కుంటూ ఎక్కేస్తుంది. అయితే అదే గట్టు మీద బురద మోకాల్లోతు ఉంటే లెక్క తిరగబడుతుంది. తేలిక బండి పైపైన పోతుంది, బరువు బండి దిగబడుతుంది.

జిప్సీ: కొనేముందు ఏ సంవత్సరానిదో చూడండి

జిప్సీ బయటికి ఒకేలా కనపడినా ఇంజిన్లు మూడు తరాలు. 1985లో వచ్చినదానికి 970 సీసీ ఇంజిన్, 45 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. 1996లో జిప్సీ కింగ్ పేరుతో ఎస్టీమ్ కారు 1298 సీసీ ఇంజిన్ పెట్టారు. కార్బురేటర్, 60 హార్స్‌పవర్, ఐదు గేర్లు. 2000లో అదే 1298 సీసీకి 16 వాల్వులు, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చి 80 హార్స్‌పవర్ అయింది. కొంటే ఈ మూడోదే కొనాలి. మొదటిది సేకరించి దాచుకునేవాళ్లకి. రెండోదాని కార్బురేటర్ సరిగ్గా ట్యూన్ చేసే పెద్దతరం మెకానిక్‌లు తగ్గిపోతున్నారు. కుర్ర మెకానిక్ స్కానర్ పట్టుకుని వస్తాడు, కార్బురేటర్‌కి స్కానర్ ఏం చేస్తుంది?

ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌కి చుట్టాలు బాగానే ఉండేవాళ్లు. ఎస్టీమ్, వెర్సా, 2005లో వచ్చిన మొదటి తరం స్విఫ్ట్ పెట్రోలు, అన్నీ ఇదే కుటుంబం. ఆ కార్లు ఇప్పుడు తుక్కుకి పోతున్నాయి కాబట్టి సెకండ్ హ్యాండ్ పార్టులు కొంతకాలం పుష్కలంగా దొరుకుతాయి, ఆ తర్వాత కరువవుతాయి. ఈ ఇంజిన్ కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇదే. సాధారణ జనానికి జిప్సీ అమ్మకం 2019లో ఆగిపోయింది.

సైన్యం దీన్ని అంతగా ఎందుకు ఇష్టపడింది? బరువు. సాఫ్ట్ టాప్ జిప్సీ టన్నులోపే, సుమారు 985 కిలోలు. దిగబడితే నలుగురు జవాన్లు పట్టి లేపేస్తారు, అవసరమైతే హెలికాప్టర్ కింద వేలాడదీసి తీసుకుపోవచ్చు. రెండోది పెట్రోలు. లదాఖ్ చలిలో మామూలు డీజిల్ మైనంలా గడ్డకట్టి ఫిల్టర్‌లో ఇరుక్కుపోతుంది. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ లదాఖ్‌కి అందించడం మొదలుపెట్టింది 2019 నవంబర్‌లోనే. అంతకుముందు దశాబ్దాల పాటు పెట్రోలు జిప్సీ ఉదయాన్నే నిక్షేపంగా స్టార్ట్ అయ్యేది.

ఈ రెండు కారణాల్లో మీకు వర్తించేది ఏది? మీరు అరకు, లంబసింగి దాకా పోయేవాళ్లైతే రెండోది అసలు వర్తించదు. అక్కడి ఎత్తు సుమారు వెయ్యి మీటర్లే. టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేని ఇంజిన్ వెయ్యి మీటర్లకి పదో వంతు బలం కోల్పోతుందని మోటు లెక్క. అరకులో జిప్సీకి 72 మిగులుతుంది, తేడా తెలియదు. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా మీద మాత్రం 80 కాస్తా 40 దగ్గరికి పడిపోతుంది. అక్కడ టర్బో బండిదే పైచేయి. లేహ్ యాత్ర కోసమే జిప్సీ కొంటున్నానని ఎవరైనా అంటే నేను వద్దనే అంటాను.

ఇక రోజూ వాడకం. పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు, వెనక ఎదురెదురు సీట్లు, నాలుగు చక్రాలకీ కమాను పట్టీలు. గేర్లు పొట్టివి కాబట్టి హైవే మీద 80 దాటితే ఇంజిన్ గోల భరించడం కష్టం. మైలేజీ 10 దాటితే సంతోషించాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఒక్కసారి నడిపితే మోజు సగం తీరిపోతుంది. మిగతా సగం తీరకపోతే కొనుక్కోండి, అప్పుడు మీరు నిజమైన జిప్సీ మనిషి.

కొనేటప్పుడు ఇంజిన్ కంటే ముందు కిందికి దూరి ఛాసిస్ చూడండి. వెనక కమాను పట్టీలు ఛాసిస్‌కి తగిలే చోట తుప్పు ఉందేమో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాలి. పైన కొత్త నల్ల రంగు వేసి ఉంటే మరీ అనుమానించాలి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ ఆయిల్ మూత విప్పి లోపలి వైపు చూస్తే మీగడలాంటి తెల్లటి జిగురు ఉండకూడదు. ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమోనన్న అనుమానం వస్తుంది, బేరం అక్కడితో ఆపాలి. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని అర్థం. తర్వాత మట్టి నేల మీదికి తీసుకెళ్లి ఫోర్ వీల్ లీవర్ వేసి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో కిందికి దిగి, ఇంకొకరిని నడపమని చూడండి. లీవర్ కదులుతుంది, లోపల ఏమీ పట్టుకోదు, అలాంటివి చాలానే ఉంటాయి. ఈ పరీక్ష తారు రోడ్డు మీద మాత్రం చేయొద్దు. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు, పొడి తారు మీద మలుపు తిప్పితే గేర్లు బిగుసుకుపోతాయి.

పాత పెట్రోలు బండ్లకి ఇంకో కొత్త టెన్షన్ ఈ20. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపుల్నీ, సీళ్లనీ మెత్తబరుస్తుంది. మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది. కొనగానే పెట్రోలు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకంవి వేయించేయండి. ఖర్చు పెద్దదేం కాదు, నిప్పుతో చెలగాటం తప్పుతుంది.

జోంగా

జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా తయారైంది. డిజైన్ నిస్సాన్ పెట్రోల్‌ది, ఇంజిన్ కూడా నిస్సాన్‌దే. వరసగా ఆరు సిలిండర్లు, 3956 సీసీ, పెట్రోలు, 110 హార్స్‌పవర్ దాకా. ఎంఎస్ ధోనీ 2019లో ఒకటి కొన్నాక కుర్రాళ్లకి దీని మీద పిచ్చి పట్టుకుంది, ధరలూ ఎక్కువే చెబుతున్నారు.

ఆరు సిలిండర్ల ఆ నున్నటి శబ్దం వింటే ఎవరికైనా మనసు లాగుతుంది, కాదనను. కానీ లీటరుకి 4, 5 కిలోమీటర్లు. పెట్రోలు వంద రూపాయలు దాటిన రోజుల్లో మేడ్చల్ దాకా వెళ్లొచ్చేసరికి ఒక నోటు మాయం. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఈ ఇంజిన్‌కి మన రోడ్ల మీద చుట్టాలు లేరు. ఒకప్పటి నిస్సాన్ వన్ టన్ లారీకి దగ్గరిదే, అదీ సైన్యపు బండే. పార్టు కావాలంటే డిస్పోజల్ సామాను అమ్మేవాళ్ల చుట్టూ తిరగాలి. అందుకే చాలా జోంగాల్లో అసలు ఇంజిన్ తీసేసి ఏదో ఒక డీజిల్ ఇంజిన్ దించి ఉంటుంది. అలాంటిది కొంటే మీరు కొన్నది జోంగా బాడీ మాత్రమే. కాగితాల చిక్కు అదనం. ఇంట్లో వేరే కారు, సొంత షెడ్డు, తీరిక ఈ మూడూ ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. మిగతావాళ్లు ఫొటో దిగి రావచ్చు.

మహీంద్రా డీజిళ్లు: మన ఊళ్లకి సరిపోయేవి

రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపు నుంచి మహీంద్రా జీపుదాకా దారి అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంజిన్ కథ. మొదట్లో ఇవన్నీ 2.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్లు. డీజిల్‌కి మారినప్పుడు మహీంద్రాకి రెండు దారులు కనిపించాయి. ఒకటి ఫ్రాన్స్ నుంచి ప్యూజో. రెండోది తన ట్రాక్టరు. 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లు మొదలుపెట్టింది కదా, ఆ ఇంజిన్ కుటుంబాన్నే జీపులోకి దించింది. మూడున్నర అంగుళాల బోరు (సిలిండర్ వెడల్పు), నాలుగు అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), నాలుగు సిలిండర్లు. లెక్కేస్తే సరిగ్గా 2523 సీసీ వస్తుంది. ఎండీఐ 3200 అని జీపుల మీద రాసుకొచ్చిన ఇంజిన్ ఇదే. పాత థార్ డీఐలో ఇదే, బొలెరోలో ఏళ్ల తరబడి ఇదే, బొలెరో పికప్‌లో ఇప్పటికీ 2523 సీసీయే.

అందుకే దీనికి నా ఓటు. టమాటాలు మోసే ప్రతి పికప్పూ దీనికి చుట్టమే. మదనపల్లెలో దొరుకుతుంది, పాడేరులో దొరుకుతుంది, విజయవాడ ఆటోనగర్‌లో కళ్లు మూసుకుని చేసేవాళ్లున్నారు. తరం మారితే కొన్ని పార్టులు మారతాయి, ఆ మాట నిజమే. కానీ ఈ ఇంజిన్ ఎలా ఆలోచిస్తుందో తెలిసిన చేతులు ప్రతి మండలంలో ఉన్నాయి.

ప్యూజో వైపు 2112 సీసీ ఎక్స్‌డీపీ 4.90, ఎంఎం540లో వచ్చింది. హార్స్‌పవర్ 60 చిల్లర. నున్నగా తిరుగుతుంది, శబ్దం తక్కువ, ట్రాక్టరు వంశంలాగా మనిషిని ఊపేయదు. రెండు ఇంజిన్లనూ వేరు చేసే చిన్న గుర్తు ఉంది. ప్యూజోకి హీటర్ ప్లగ్గులుంటాయి. తాళం సగం తిప్పి కాసేపు ఆగి, ప్లగ్గులు వేడెక్కాక స్టార్ట్ చేయాలి. ఎండీఐ డైరెక్ట్ ఇంజెక్షన్, మన వాతావరణంలో అలా ఆగక్కర్లేదు. తిప్పగానే బండి మొత్తం ఒకసారి కుదిలి, సైలెన్సర్ లోంచి నల్లగా ఒక గుప్పెడు పొగ వదిలి, టకటకమని అందుకుంటుంది. సీటు, స్టీరింగు, అద్దం అన్నీ వణుకుతాయి. అది జబ్బు కాదు, దాని స్వభావమే అంత. ప్యూజో ఇంజిన్ అలా వణికితే మాత్రం జబ్బే.

ఎంఎం540 అంటే ప్రాణమిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు, బండి నిజంగా బాగుంటుంది. కానీ హెడ్ పగిలితే మంచి హెడ్ వెతకడానికి ఎన్నాళ్లు పడుతుందో ముందే చెప్పలేం. రోజూ పని చేయాల్సిన బండికి అది పనికిరాదు.

పాత డీజిల్ కొనేటప్పుడు చూడాల్సింది ప్రధానంగా ఒకటే. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, పైన అరచేయి పెట్టండి. సన్నగా ఆవిరి తగిలితే సరే. దమ్ము కొట్టినట్టు గుప్పుగుప్పున పొగ తన్నుతుంటే రింగులు, లైనర్లు అయిపోయాయి, ఇంజిన్ బోరుకి వచ్చిందన్నమాట. అది బేరం తగ్గించుకోవడానికి మంచి ఆయుధం కూడా, ఎందుకంటే ఈ ఇంజిన్‌కి బోరు పని మన దగ్గర తేలికే. వేడెక్కాక కూడా ఆగకుండా నల్ల పొగ వస్తుంటే పంపు, నాజిల్స్ చూపించుకోవాలి. పంపు కాలిబ్రేషన్ చేసే షాపు జిల్లా కేంద్రంలో కచ్చితంగా ఉంటుంది.

2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈ వేరే జాతి. 2498 సీసీ, కామన్ రైలు (కంప్యూటర్ అదుపులో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే పద్ధతి), టర్బో, 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్ల టార్క్. అదే బాడీలో డీఐ నడిపి తర్వాత ఇది నడిపితే రెండు బండ్లూ ఒకే పేరుతో ఎలా అమ్మారా అనిపిస్తుంది. ఘాట్ రోడ్డు మీద లారీని దాటేయాలంటే దీంట్లో గుండె చిక్కబట్టుకోనక్కర్లేదు. బలహీనత ఇంజెక్టర్లది. డబ్బాల్లో తెచ్చి పోసిన డీజిల్, నీళ్లు కలిసిన డీజిల్ డీఐ ఎలాగోలా మింగేస్తుంది. కామన్ రైలు మింగదు, నాలుగు ఇంజెక్టర్లూ మార్చాల్సి వస్తే పాత డీఐ ఇంజిన్ బోరు ఖర్చుని దాటిపోవచ్చు. మంచి బంకు దగ్గరుంటే సీఆర్‌డీఈ, లేకపోతే డీఐ. ఇంత సింపుల్‌గా తేల్చేయొచ్చు.

సైన్యం ఇప్పుడేం కొంటోంది

జిప్సీకి బదులు గట్టి పైకప్పు, ఏసీ, 800 కిలోలు మోసే సత్తా ఉండాలని సైన్యం అడిగింది. 2017లో టాటా సఫారీ స్టార్మ్ ఆ ఒప్పందం దక్కించుకుంది, మొత్తం 3,192 బండ్లు. ఇంజిన్ 2.2 లీటర్ల డీజిల్, టార్క్ 400 న్యూటన్ మీటర్లు. అంటే జిప్సీకి దాదాపు నాలుగు రెట్లు. ఆ తర్వాత స్కార్పియోలు, 2025 మార్చిలో ఫోర్స్, మహీంద్రా కంపెనీలతో దాదాపు 5,000 తేలికపాటి వాహనాలకు రక్షణ శాఖ ఒప్పందం చేసుకుంది. గమనించారా, సైన్యం కూడా టర్బో డీజిల్‌కే వచ్చింది.

మామూలు జనం కొన్న స్టార్మ్ ఫోర్ వీల్ డ్రైవ్ సెకండ్ హ్యాండ్‌లో అప్పుడప్పుడూ దొరుకుతుంది. కుటుంబమంతా ఎక్కి దూరం పోవాలనుకునేవాళ్లకి ఈ మొత్తం జాబితాలో హాయైన సీటు అదే. మోడల్ ఆగిపోయింది కాబట్టి ఎలక్ట్రికల్ పార్టుల విషయంలో ఓపిక కావాలి.

ఫోర్స్ గూర్ఖా గురించి జనానికి తక్కువ తెలుసు. దాని 2.6 లీటర్ల డీజిల్ ఒకప్పుడు బజాజ్ టెంపో లైసెన్సు మీద చేసిన మెర్సిడెస్ ఇంజిన్ వంశానిది. 2024 మోడల్‌లో 140 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్లు. ముందు, వెనక ఇరుసులకి డిఫరెన్షియల్ లాకులు కంపెనీ నుంచే వస్తాయి, 700 మిల్లీమీటర్ల నీళ్లలోంచి పోగలదు. షోరూములు తక్కువన్నదే అందరి ఫిర్యాదు. ఇక్కడ మళ్లీ చుట్టరికం చూడండి. తిరుపతి, శ్రీశైలం యాత్రలకి మాట్లాడుకునే ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్లలో ఉన్నది ఇదే 2.6 కుటుంబం. ట్రావెలర్లు నడిపే ట్రావెల్స్ వాళ్లని అడిగితే మంచి మెకానిక్ ఎవరో ఐదు నిమిషాల్లో చెబుతారు. మారేడుమిల్లి నుంచి గుడిస కొండ ఎక్కే రకం దారులు మీ రోజువారీ పని అయితే నేను కొత్త థార్ కంటే గూర్ఖానే చూడమంటాను.

కొత్త థార్ 2020 అక్టోబర్ నుంచి ఉంది. 2.2 డీజిల్ 130 హార్స్‌పవర్, 2.0 టర్బో పెట్రోలు 150. 1.5 డీజిల్ కూడా ఉంది కానీ దానికి ఫోర్ వీల్ డ్రైవ్ రాదు, చూడటానికి అదే బండి, చేసే పని వేరు. బుకింగ్ రాసేటప్పుడు ఈ తేడా చూసుకోండి. ఇంకో మాట. బీఎస్6 (ఇప్పటి కాలుష్య నిబంధనల) డీజిల్ బండి ఏదైనా సైలెన్సర్ లైనులో మసి పట్టే ఫిల్టరుంటుంది. అది తనంతట తాను శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ హైవే మీద ఓ అరగంట వేడిగా పరిగెత్తాలి. ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి సిటీ ట్రాఫిక్‌లో నాలుగు కిలోమీటర్లు పోయేవాళ్లకి డీజిల్ పనికిరాదు. అలాంటివాళ్లు పెట్రోలు థార్ గానీ, జిమ్నీ గానీ తీసుకోవాలి.

జిమ్నీ జిప్సీకి వారసుడు. 1462 సీసీ పెట్రోలు, 105 హార్స్‌పవర్, 134 న్యూటన్ మీటర్లు, బరువు 1200 కిలోలు. కాగితం మీద అంకెలు చప్పగా ఉంటాయి, బురదలో మాత్రం తేలిక బండి ఏం చేస్తుందో పైనే చెప్పాను. ఈ 1.5 ఇంజిన్ ఎర్టిగాలో, సియాజ్‌లో వచ్చిందే. ఎర్టిగా ట్యాక్సీ లేని ఊరు చూపించండి! హైవే మీద నిండా మనుషుల్తో ఓవర్‌టేక్ చేయాలంటే గేరు దించాల్సిందే, ఆ ఒక్కటీ సర్దుకోగలిగితే చాలు.

కాగితాలు

వేలం బండికి ఆర్‌సీ ఉండదు. సైన్యం నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం, దాని పక్కన రెండంకెలు ఉంటాయి. అవి బండి తీసుకున్న సంవత్సరం. దాని వయసు మీకు అక్కడే తెలిసిపోతుంది. మాజీ సైనిక వాహనాన్ని మన పేర రిజిస్టర్ చేయించాలంటే అమ్మిన అధికారి ఇచ్చిన అసలు సేల్ సర్టిఫికెట్, ఫారం 21, ఆర్టీఏ ఆఫీసులో చూపించాలి. అది లేకుండా "తర్వాత చేయిస్తాం సార్" అనేవాళ్ల దగ్గర అడ్వాన్సు ఇవ్వొద్దు. వేలంలో తుక్కు కింద అమ్మిన లాటు అయితే అది తుక్కే, రోడ్డెక్కదు. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ కొనసాగించరు, రక్షణ అవసరాల ప్రత్యేక వాహనాలకి మినహాయింపు ఉన్నా అది మీకు పనికొచ్చేది కాదు.

సొంత బండి 15 ఏళ్లు దాటితే ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయించుకోవాలి. పాత డీజిల్‌తో ఢిల్లీ వైపు వెళ్లే ఆలోచన పెట్టుకోకండి, అక్కడ డీజిల్ బండ్లకి పదేళ్ల నిబంధన ఉంది. ఇంకోటి, కొనగానే ఆర్మీ పచ్చ రంగు కొట్టిస్తానని చాలామంది సరదాపడతారు. మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం ఆ ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకి తప్ప ఎవరికీ కుదరదు. ఆ రంగుతో వచ్చిన వేలం బండిని రిజిస్ట్రేషన్‌కి ముందే వేరే రంగులోకి మార్చాలి.

చివరిగా ఇంజిన్ మార్పిడి. జోంగాలోనే కాదు, జిప్సీల్లో కూడా డీజిల్ దించినవి దొరుకుతాయి. ఆర్టీఏ అనుమతి లేకుండా చేసినదైతే ఇన్సూరెన్సు క్లెయిమ్ దగ్గర మొదటి దెబ్బ తగులుతుంది. కంపెనీ ఇచ్చిన తీరుకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో మళ్లీ గట్టిగా చెప్పింది కూడా. అందుకని చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక తెల్ల కాగితం, పెన్సిల్ పెట్టుకుని వెళ్లండి. ఇంజిన్ నంబరు మీదా, ఛాసిస్ నంబరు మీదా గ్రీజు తుడిచి, కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. ఆర్‌సీతో, వేలం బండికైతే సేల్ సర్టిఫికెట్‌తో, అంకె అంకె కలిశాకే ధర మాట ఎత్తండి.